ఆడియో బీరువా: పసిబిడ్డలున్న ఇంట్లో పాటల సామాను

ఇంట్లో పాట వినడానికి పెట్టుకునే సామాను, అంటే యాంప్లిఫయర్, రికార్డు ప్లేయర్, డీవీడీ ప్లేయర్, హోం థియేటర్ పెట్టె, వాటి వైర్లు, రిమోట్లు, చిన్నపిల్లల చేతికి అందకుండా తలుపులేసి ఉంచే బీరువాను, గోడ అలమరను ఈ వ్యాసంలో ఆడియో బీరువా అంటున్నాం. అంగట్లో ఈ పేరుతో అడిగితే ఎవరికీ అర్థం కాదు. పెనుకొండలోనైనా హిందూపురంలోనైనా ఫర్నిచర్ అంగడివాళ్ళు దాన్ని టీవీ యూనిట్ అనో షోకేస్ అనో అంటారు. పెద్దవయసు వాళ్ళు ఇంకా రేడియో స్టాండ్ అనే అంటారు. పేరేదైనా దాని నెత్తిన రెండు పనులు పడతాయి, ఆ రెండూ ఒకదానికొకటి పడవు. చిన్న వేలు లోపలికి పోకూడదు, గాలి మాత్రం ధారాళంగా పోవాలి. మొదటి పని ఒక్కటే చూసుకుని చేయించిన బీరువా ఎండాకాలంలో యాంప్లిఫయర్‌ను ఉడకబెడుతుంది. రెండోది మాత్రమే చూసుకున్న తెరిచిన అరల స్టాండు, నడక నేర్చే బిడ్డకు నిచ్చెన అవుతుంది.

తలుపుంది కదా, ఇక భయం లేదనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. పిల్లలకు వచ్చే పెద్ద ప్రమాదం లోపలి సామానుతో కన్నా బీరువాతోనే. అది మీద పడటం, వేలు తలుపు సందులో ఇరుక్కోవడం, గాజు పగలడం అన్నీ ఫర్నిచర్ చేసే పనులే. అందుకని ఎంపికలో ముందు చూడాల్సింది తాళాన్ని కాదు, నిలకడను.

గూటి నుంచి షోకేసు దాకా

పెనుకొండ, ధర్మవరం చుట్టుపట్ల పాత మట్టిమిద్దెల గోడలు రాళ్ళు పేర్చి మట్టితో మెత్తినవి, బాగా మందం. ఆ మందంలోనే దీపానికొక గూడు, చిల్లర సామానుకొక గూడు, పడసాలలో ఒక అలమర వదిలేవాళ్ళు. అడ్డంగా కడప బండ దూర్చితే అర తయారు. వివిధభారతి 1957 అక్టోబరులో మొదలైంది, కడప ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. ఆ తర్వాతి ఏళ్ళలో పల్లెలకు చేరిన ట్రాన్సిస్టర్లు చాలా ఇళ్ళలో నేరుగా ఆ గూళ్ళలోకే పోయాయి. గూడు గోడలో భాగం, ఒరగదు. మనిషి భుజమెత్తున ఉంటుంది, పాకే బిడ్డకు అందదు. రాయి కాబట్టి వేడిని కూడా పీల్చుకుంటుంది. పసిబిడ్డల భద్రత అనే మాట ఎవరూ అనకుండానే కుదిరిన మంచి ఏర్పాటు అది.

అంతకు ముందటి వాల్వు రేడియో సంగతి వేరు. అది బరువైనది, కాస్త ఉన్నవాళ్ళ ఇంట్లోనే ఉండేది. గోడకు ఎత్తున బిగించిన చెక్క స్టాండు మీద, కుట్టుపూల గుడ్డ కప్పుకుని కూర్చునేది. లోపల 200 నుంచి 300 వోల్టుల దాకా కరెంటు ఉండేది. వెనక మూతగా చిల్లులున్న అట్టముక్క ఒకటి, అంతే. ట్రాన్స్‌ఫార్మర్ లేని చవక రకాల్లో లోపలి ఇనుప చట్రమే మెయిన్ కరెంటుకు కలిసి ఉండేది. కాబట్టి ముట్టుకుంటే తంతానని తాతలు పిల్లలను బెదిరించిన మాటలో రెండర్థాలూ నిజమే. ఆ రోజుల్లో బాగా పేరున్న మర్ఫీ రేడియోకు గుర్తు, నోటిదగ్గర వేలు పెట్టుకున్న పసిబిడ్డ బొమ్మ. క్యాలెండర్ల మీద బిడ్డ, గోడెత్తున రేడియో: ఇంట్లో బిడ్డను మాత్రం దాని దరిదాపులకు రానిచ్చేవాళ్ళు కారు.

సంగీత యంత్రాన్ని తలుపుల వెనక దాచడం మన దగ్గర పుట్టిన ఆలోచన కాదు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం క్యామ్‌డెన్ ఊళ్ళోని విక్టర్ టాకింగ్ మెషీన్ కంపెనీ 1906లో విక్ట్రోలా అనే గ్రామఫోన్‌ను అమ్మకానికి పెట్టింది. అప్పటిదాకా గ్రామఫోన్ అంటే గదిలోకి పొడుచుకొచ్చే ఇత్తడి బాకా. విక్ట్రోలాలో ఆ బాకాను మడిచి బీరువా కడుపులో పెట్టారు, పైన మూత, ముందు చిన్న తలుపులు. ఆ తలుపులు తెరిస్తే పాట గట్టిగా, దగ్గరకు వేస్తే మెల్లగా వినిపించేది. అంటే మొదటి ఆడియో బీరువాకు తలుపే వాల్యూమ్ మీట. దాని వంశంలోదే తర్వాత వచ్చిన రేడియోగ్రామ్. రేడియో, రికార్డు ప్లేయర్, స్పీకర్ అన్నీ ఒకే కర్రపెట్టెలో ఉండేవి. మన ఊళ్ళలో అది కొద్దిమంది ఇళ్ళకే వచ్చింది. వాటి పైమూత బరువుకు నలిగిన వేళ్ళ కథలు మాత్రం ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో చెబుతారు.

1980లలో క్యాసెట్లతో బాటు షోకేసు వచ్చింది. హాల్లో గోడకు గోడంతా సిమెంటు అరలు, వాటి ముందు పక్కలకు జరిపే గాజు పలకలు. కొండపల్లి బొమ్మలు, బహుమతి కప్పులు, స్టీలు గ్లాసుల మధ్య నడిమి అరలో టేప్ రికార్డర్. అరలు గోడలోవి కాబట్టి ఒరిగే భయం లేదు, గాజు మాత్రం మామూలు గాజు. పగిలితే కత్తుల్లాంటి పెంకులు అవుతుంది. ఆ షోకేసులు ఈ ప్రాంతంలో వేల ఇళ్ళలో ఇంకా ఉన్నాయి. కొత్త ఫర్నిచర్ కొనే ముందు వాటివైపు ఒకసారి చూడటం మంచిది. గాజు మార్చి, పైనా కిందా గాలికి దారి పెడితే కొన్నదానికంటే గట్టి బీరువా ఇంట్లోనే ఉన్నట్టు.

ధర్మవరం నేతగాళ్ళ ఇళ్ళలో ఇంకో చిక్కుంది. గుంత మగ్గం, కాపురం, పిల్లల ఆటలు అన్నీ పక్కపక్కనే సాగే ఇళ్ళవి. మగ్గం పలక చప్పుడు మీదుగా వినబడాలి గనక పాట గట్టిగా పెడతారు. వార్పు, జకార్డు తాళ్ళు, అట్టలు గది పైభాగాన్ని ఆక్రమించుకుంటే పాటపెట్టెకు మిగిలేది కింది అరే. పైగా పట్టు పోగుల నుంచి రేగే సన్నటి నూగు యాంప్లిఫయర్ చిల్లుల్లో పేరుకుని దుప్పటిలా కప్పేస్తుంది. అక్కడ తలుపు బిడ్డ కోసం ఎంత అవసరమో, నూగు కోసమూ అంతే అవసరం.

బిడ్డ కొలతలు

బీరువా కొలతలు సామానును బట్టి కాక బిడ్డను బట్టి వేసుకోవాలి. ఎనిమిది తొమ్మిది నెలలకు బిడ్డ ఏదో ఒకటి పట్టుకుని లేచి నిలబడుతుంది. పట్టుకునేది తరచుగా తలుపు పిడే. ఏడాదిన్నరకు ఎక్కడం మొదలవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెరుగుదల ప్రమాణాల ప్రకారం రెండేళ్ళ మగబిడ్డ నడిమి ఎత్తు 87 సెం.మీ. దగ్గర, ఆడబిడ్డది 86 సెం.మీ. దగ్గర. చేయెత్తితే మీటరు దాటుతుంది, పీట వేసుకుంటే ఇంకో అడుగు. కాబట్టి ఎత్తున పెట్టేశాం అన్న ధైర్యం రెండేళ్ళ దాకే పనికొస్తుంది.

వేలి కొలతలకు కూడా లెక్కుంది. కరెంటు సామాను పరీక్షల కోసం అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ పిల్లల వేళ్ళకు నమూనా పుల్లలు నిర్ణయించింది. మూడేళ్ళ లోపు బిడ్డ వేలికి 5.6 మి.మీ. మందం, అక్కడి నుంచి 14 ఏళ్ళ దాకా 8.6 మి.మీ. అంటే గాలికోసం తలుపుకు కొట్టే చిల్లు 5 మి.మీ. దాటకపోతే మేలు. వడ్రంగులు అలవాటుగా కొట్టే అర అంగుళం చిల్లు, 12 మి.మీ. పైమాటే, బిడ్డ వేలికి సొరంగం. కీలు దగ్గర లెక్క ఇంకోలా ఉంటుంది. బొమ్మల భద్రతా ప్రమాణాల్లో కీలు వైపు సందులో 5 మి.మీ. పుల్ల పడితే 12 మి.మీ. పుల్ల కూడా పట్టాలని ఉంది. వేలు అసలు పట్టకూడదు, పడితే నలక్కుండా బయటికి రావాలి అన్నది దాని భావం. బీరువాలకు ఈ నియమం వర్తించదు, అయినా చేయించేటప్పుడు గుర్తుంచుకోదగ్గ కొలత.

మింగే వస్తువుల సంగతి చాలామంది మరిచిపోతారు. బొమ్మల చిన్నముక్కల పరీక్షలో వాడే గొట్టం వెడల్పు 31.7 మి.మీ. అందులో పూర్తిగా పట్టిన ప్రతిదీ మూడేళ్ళలోపు బిడ్డ గొంతుకు అడ్డం పడేదే. యాంప్లిఫయర్ల బాస్, ట్రెబుల్ నాబులు చాలావరకు ఈ గొట్టంలో పడతాయి. పైగా వాటిని ఇరుసుకు బిగింపుగా తొడిగి ఉంటారు, గట్టిగా లాగితే ఊడొస్తాయి. తలుపు లేని స్టాండులో బిడ్డ మొదట సాధించేది ఇదే.

ఒరగడం

పొడుగ్గా, సన్నగా, చక్రాల మీద నిలబడ్డ టీవీ స్టాండు అన్నిటికన్నా ప్రమాదం. పై అరలో యాంప్లిఫయర్, నెత్తిన టీవీ, కింది అరలు ఖాళీ. ఇలా సర్దితే బరువంతా పైకి పోతుంది. సొరుగు లాగి దాని మీద బిడ్డ కాలు వేసిందంటే మొత్తం ముందుకు వస్తుంది.

ఇంటి ఫర్నిచర్ కింద పడి పిల్లలు చనిపోయిన సంఘటనలు అమెరికాలో పెద్ద చర్చకు వచ్చాయి. 2022 డిసెంబరులో అక్కడ దీని మీద చట్టం చేశారు. 2023 సెప్టెంబరు 1 నుంచి 27 అంగుళాలూ ఆపైన ఎత్తున్న బట్టల బీరువాలు 60 పౌండ్ల బిడ్డ, అంటే సుమారు 27 కిలోలు, సొరుగుకు వేలాడినా ఒరగకూడదు. ఆ నియమం బట్టల బీరువాలకే, ఆడియో సామానుకు కాదు. మన దేశంలో సామాను దాచే ఫర్నిచర్‌కు భారతీయ ప్రమాణాల సంస్థది ఐఎస్ 17634 ఉంది. కానీ హిందూపురం, ధర్మవరం ఇళ్ళలోకి వచ్చే బీరువాల్లో చాలావాటిని ఊరి వడ్రంగో, పక్క ఊరి చిన్న కార్ఖానానో చేస్తుంది. వాటి మీద ఏ ముద్రా ఉండదు. అందుకే పరీక్ష కొనేవాడి చేతిలోనే ఉంది. అంగట్లోనే తలుపులన్నీ తెరిచి, సొరుగులన్నీ బయటికి లాగి, పై సొరుగు అంచు మీద రెండు చేతులూ ఆనించి మెల్లగా బరువు వేసి చూడాలి. వెనక కాళ్ళు లేస్తే దాన్ని అక్కడే వదిలేయాలి. అంగడివాడు మొహం చిట్లిస్తాడు, చిట్లించనీ.

పరీక్ష నెగ్గినా గోడకు కట్టకుండా వదలకూడదు. ఇక్కడ గోడను బట్టి బిగింపు మారుతుంది. పాత మట్టిమిద్దెలో పైపూత మట్టిదో సున్నానిదో అయితే అందులో దిగిన స్క్రూ వేలితో లాగినా వస్తుంది. లోపలి రాయి దాకా హ్యామర్ డ్రిల్లుతో రంధ్రం వేసి, యాంకర్ బోల్టు దించాలి. రెండు రాళ్ళ మధ్య మట్టి సందులో పడితే మళ్ళీ వృథాయే, రాయి నడుమే పడాలి. సిమెంటు ఇటుక గోడయితే ఇటుక గుల్లదా గట్టిదా చూసుకోవాలి. గుల్ల ఇటుకకు మామూలు ప్లాస్టిక్ ప్లగ్గు ఆగదు. పైభాగంలో రెండు చివర్లా ఎల్ క్లాంపులు, అవి బీరువా వెనక ఉండే పల్చటి ప్లై రేకుకు కాకుండా పక్క పలకకో పై పలకకో తగిలించాలి. మూడు మిల్లీమీటర్ల వెనక రేకుకు క్లాంపు కొట్టి గోడకు కట్టేశాం అనుకున్న బీరువాలు చాలా ఉంటాయి. లాగితే రేకు గోడకు మిగులుతుంది, బీరువా ముందుకు వస్తుంది.

గోడలోనే ఉన్న అలమరకు ఇదేదీ అక్కర్లేదు. సొంతిల్లు కట్టుకునేవాళ్ళు హాలు గోడలో రెండడుగుల లోతున ఒక గూడు వదలమని మేస్త్రీకి ముందే చెప్పడం అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా భద్రం.

గాలి, వేడి, దుమ్ము

మామూలు క్లాస్ ఏబీ యాంప్లిఫయర్ తీసుకునే కరెంటులో సగం అటూఇటూ వేడిగా పోతుంది. కొత్త క్లాస్ డి రకాలు పదింటిలో తొమ్మిది వంతుల దాకా పాటకే వాడతాయి. మూసిన బీరువాలో పెట్టాలనుకుంటే ఈ ఒక్క తేడా మిగతా గుణాలన్నిటినీ మించిపోతుంది. బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి బోర్డులు, ట్రాన్స్‌ఫార్మర్లు తెచ్చి ఊళ్ళో కూర్పించుకునే యాంప్లిఫయర్లంటే ఈ వైపు మోజు ఎక్కువ. వాటిలో వేడి పుట్టించేవే ఎక్కువ, పెట్టెకు చిల్లులు తక్కువ.

లెక్క ఇలా వేసుకోవచ్చు. లోపల 100 వాట్ల వేడి పుడుతుంటే, లోపలి గాలి గది గాలికన్నా 10 డిగ్రీలు మించకుండా ఉండాలంటే సెకనుకు సుమారు 8 లీటర్ల గాలి మారాలి. ఫ్యాన్ లేకుండా వేడిగాలి దానంతట అదే పైకి పోయేలా చేయాలంటే కింద ఒక 300 నుంచి 400 చదరపు సెంటీమీటర్ల దారి, పైన అంతే దారి కావాలి. రెండు అరచేతులు పక్కపక్కన పరిస్తే వచ్చేంత జాగా. దాన్ని ఒకే పెద్ద రంధ్రంగా వదిలితే బిడ్డ చెయ్యే పోతుంది, అందుకే 5 మి.మీ. చిల్లుల ఇనుప జాలీ బిగించాలి. జాలీలో సగం ఇనుమే కాబట్టి జాగా రెండింతలు కావాలి. అంత జాగా తలుపులో కుదరకపోతే వెనక పలక తీసేసి గోడకూ బీరువాకూ మధ్య రెండు మూడు అంగుళాలు వదలడం, లేదా పైభాగాన చిన్న కంప్యూటర్ ఫ్యాన్ పెట్టడం. 120 మి.మీ. ఫ్యాను నిదానంగా తిరిగినా ఈ పనికి చాలు, చప్పుడు వినబడదు. కింది దారి లేకుండా పైన ఒక్కటే పెడితే ఎంత పెద్దదైనా దండగే. గాలి లోపలికి రాకుండా బయటికి పోలేదు.

ఈ లెక్క ఊరిని బట్టి కటువవుతుంది. సముద్రమట్టానికి 600 మీటర్ల పైన ఉన్న హిందూపురంలో వేసవి రాత్రులు కాస్త నయం. సుమారు 350 మీటర్ల ఎత్తులోని ధర్మవరంలో ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటడం మామూలే. గదిలో 37 ఉంటే బీరువాలో 47. చాలా కంపెనీలు తమ యాంప్లిఫయర్లకు 35, 40 డిగ్రీల గది వేడినే హద్దుగా చెబుతాయి. అందువల్ల ధర్మవరం వేసవిలో మధ్యాహ్నం పాట పెట్టాలంటే తలుపు తెరవాలి. బిడ్డ పడుకున్న వేళే దానికి అనువు.

దుమ్ము ఇంకో సంగతి. ఏడాదికి 550 మి.మీ. అటూఇటూ మాత్రమే వాన పడే సీమ ఇది. ఆషాఢంలో గాలి హోరు రామగిరి కొండల మీద గాలిమరలు పెట్టుకునేంత ఉంటుంది. కింది దారికి పల్చటి నైలాను వల బిగిస్తే దుమ్ముతో బాటు బల్లులు కూడా ఆగుతాయి. బల్లి వెచ్చదనానికి యాంప్లిఫయర్‌లో దూరి, రెండు కాళ్ళు రెండు తీగల మీద వేసి, తానూ చచ్చి బోర్డునూ కాల్చిన ఉదంతాలు రిపేరు అంగళ్ళలో ఎన్నైనా వినవచ్చు.

తలుపు, తాళం, గాజు

తాకితే తెరుచుకునే టచ్ క్యాచ్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పిల్లలున్న ఇంటికి మాత్రం పనికిరాదు. బిడ్డ మొదటి రోజే నేర్చుకుంటుంది, ఆ పైన అదే ఆట. రెండు పిడులకు రబ్బరు బ్యాండు చుట్టడం రెండేళ్ళ దాకా పనిచేస్తుంది. లోపల బిగించే అయస్కాంతపు తాళం నయం. బయట పిడి, రంధ్రం ఏమీ కనబడదు, అయస్కాంతపు గుబ్బ పలక మీద ఆనిస్తేనే గడియ వదులుతుంది. ఆ గుబ్బ ఎక్కడ పెట్టామో పెద్దవాళ్ళే మరిచిపోతుంటారు, కాబట్టి దాన్ని తలుపు పైచౌకట్టు మీద ఉంచేవాళ్ళున్నారు. అయస్కాంతాన్ని క్యాసెట్ల అరకు దూరంగా ఉంచాలి. మామూలు బీగం, తాళంచెవి ఇప్పటికీ మంచివే.

అయితే తాళానికి ఒక హద్దుంది. బిడ్డ పట్టేంత పెద్ద ఖాళీ అర ఉన్న బీరువాకు, బయటి నుంచి పడి లోపలి నుంచి తెరుచుకోని గడియ పెట్టకూడదు. పాత ఫ్రిజ్జుల్లో చిక్కుకుని పిల్లలు చనిపోవడంతో అమెరికా 1956లోనే తలుపు లోపలి నుంచి తెరుచుకోవాలని చట్టం చేసింది. రికార్డులు తీసేసి ఖాళీ చేసిన రేడియోగ్రామ్ పెట్టె, పాత ట్రంకు పెట్టె కూడా అలాంటివే. ఆడియో బీరువాలో పెద్ద ఖాళీ అర ఉండకుండా అడ్డు పలకలు వేస్తే ఈ గొడవ లేదు.

కీలు విషయంలో ఇక్కడ అంగళ్ళవాళ్ళు హైడ్రాలిక్ కీలు అనే, చివర నెమ్మదించి మూసుకునే రకం తీసుకోవాలి. పైకెత్తే మూతలున్న రికార్డు ప్లేయర్ పెట్టెకు, మూత ఏ కోణంలో వదిలినా అక్కడే ఆగే ఊతం ఉండాలి.

గాజు తలుపు కావాలంటే టఫెన్డ్ గ్లాసే. మన ప్రమాణం ఐఎస్ 2553, ముద్ర గాజు మూలన చెక్కి ఉంటుంది. అది పగిలితే మొద్దు గింజలుగా రాలుతుంది. గాజుకు ఒక లాభముంది, రిమోట్ వెలుగు అందులోంచి పోతుంది. చెక్క తలుపైతే పోదు. జాలీ, పల్చటి గుడ్డ, బెత్తం అల్లిక ఉన్న తలుపులోంచి చాలావరకు పోతుంది. బెత్తం అల్లిక అందంగా ఉంటుంది, గాలి కూడా ఆడుతుంది, కానీ కళ్ళు పెద్దవి. లోపలివైపు సన్న జాలీ వేయకపోతే వేలు పోతుంది, పెన్సిలూ పోతుంది. ఇనుప బీరువాలో పెడితే బ్లూటూత్, వైఫై రెండూ చచ్చుబడతాయి. ఆ సంగతి కొన్న తర్వాతే తెలుస్తుంటుంది.

కరెంటు, బ్యాటరీ

బీరువా వెనక నాలుగైదు ప్లగ్గుల ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద పడేసి ఉండటం మామూలు దృశ్యం. దాన్ని బీరువా లోపలే, మోకాలెత్తున పలకకు బిగించి, ఒకే ఒక్క వైరు బయటికి తేవాలి. సాకెట్లు లోపల తెర ఉన్నవి కావాలి. మూడో పిన్ను దూరితేనే తెర తొలుగుతుంది, ఒక రంధ్రంలో మేకు దూర్చితే లోపలికి పోదు. ప్లగ్గులు, సాకెట్ల ప్రమాణం ఐఎస్ 1293. ఇంటి మెయిన్‌లో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే, బీరువా కోసం పెట్టే ఖర్చులో మొదటి వాటా దానికే పోవాలి. ఇనుప జాలీ, ఇనుప చట్రం ఉన్న బీరువాకు ఎర్తు కలపాలి. యాంప్లిఫయర్ ప్లగ్గు పీకినా లోపలి పెద్ద కెపాసిటర్లలో కొంతసేపు కరెంటు నిలిచి ఉంటుంది, అందుకే మూత విప్పిన పెట్టెను బిడ్డ ఉన్న గదిలో వదలరాదు.

రిమోట్ల సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. పలుచటి చిన్న రిమోట్లలో సీఆర్ 2025, సీఆర్ 2032 లాంటి 20 మి.మీ. బిళ్ళ బ్యాటరీలుంటాయి. అది మింగి గొంతులో ఇరుక్కుంటే, తడి తగిలి పారే కరెంటుకు చుట్టూ క్షారం పుట్టి, రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. వాడేసిన బ్యాటరీకి కూడా ఆ బలం ఉంటుంది. మింగినట్టు అనుమానం వచ్చినా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి, వాంతి చేయించకూడదు. ఆడియో బీరువాలో రిమోట్లకు తాళముండే ఒక చిన్న సొరుగు వేయించడం అందుకే. స్క్రూతో బిగిసే బ్యాటరీ మూత ఉన్న రిమోట్ అయితే మరీ మంచిది.

స్పీకర్లు ఎక్కడ?

స్పీకర్లను బీరువాలో మూయడం పాటను దుప్పట్లో చుట్టడం లాంటిది. పెట్టె గోడలు అదిరి, బాస్ బొంగురుపోతుంది. రికార్డు ప్లేయర్ కూడా అదే బీరువాలో ఉంటే ఆ అదురు ముల్లుకు చేరి హోరు పుడుతుంది. కాబట్టి యంత్రాలు లోపల, స్పీకర్లు బయట అన్నదే సరైన పద్ధతి.

బయట పెడితే ఇంకో ఇబ్బంది. కూర్చున్న పెద్దమనిషి చెవి ఎత్తు 90 సెం.మీ. నుంచి మీటరు లోపు. సన్నటి స్వరాలు పలికే చిన్న స్పీకరు, అంటే ట్వీటర్, అక్కడే ఉంటే బాగుంటుందని పుస్తకాలు చెబుతాయి. రెండేళ్ళ బిడ్డ చేతికి కూడా సరిగ్గా అదే ఎత్తు. ట్వీటర్ నడిమి గుబ్బను బొటనవేలితో లోపలికి నొక్కడంలో పిల్లలకు ఏదో ఆనందం ఉన్నట్టుంది, ఆ సొట్ట మళ్ళీ సరిగా లేవదు. ఐదారడుగుల ఎత్తున గోడకు బిగించి కాస్త కిందికి వంచితే రెండు చిక్కులూ తీరతాయి. గుడ్డ ముసుగు కన్నా ఇనుప జాలీ ముసుగు నయం. బీరువాలోనే పెట్టక తప్పదనుకుంటే స్పీకరు ముందున్న తలుపు భాగానికి గుడ్డ వేయాలి. గుడ్డ పెదాల దగ్గర పెట్టి ఊదితే అవతలికి ఊపిరి పోవాలి, ఇదే దానికి పరీక్ష. ధర్మవరం పట్టు దట్టంగా నేసింది, సన్నటి స్వరాలను మింగేస్తుంది. పాత పట్టుచీర కొంగును స్పీకరుకు కట్టాలనే సరదా ఉన్నవాళ్ళు దాన్ని వేరే చోట తీర్చుకోవాలి.

సబ్‌వూఫర్‌కు గాలి పోవడానికి ఒక గొట్టం నోరు ఉంటుంది, నేలకు దగ్గరగా. బిడ్డ దృష్టిలో అది హుండీ. రిపేరుకు వచ్చిన ఒక సబ్‌వూఫర్ విప్పడం చూశాను. మొదట గుప్పెడు బొరుగులు రాలాయి, తర్వాత రెండు గోలీలు, ఒక చెంచా, చివరికి ఇంటివాళ్ళు నెలల తరబడి వెతుక్కున్న బీరువా తాళంచెవి. వాయిస్ కాయిల్‌కు ఏమీ కాలేదు, బరబరమన్న శబ్దమంతా బొరుగులదే. నోటికి సన్న జాలీ గట్టిగా బిగించి ఉంటే అంగడికి రావాల్సిన పని లేదు. గొట్టానికి గుడ్డ కుక్కితే మాత్రం బాస్ పోతుంది.

వాల్యూమ్ కూడా తలుపు వెనకే ఉండాలి. పిల్లలు ఎక్కువసేపు వినే చోట వారానికి 40 గంటలకు 75 డెసిబెల్స్ దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. బిడ్డ నాబును చివరిదాకా తిప్పినప్పుడు తన చెవి స్పీకరుకు అడుగు దూరంలోనే ఉంటుంది.

చెక్క

టేకుకు సాటి లేదు, ధరకూ సాటి లేదు. వేపచెక్కను చెదలు అంతగా ముట్టవు, బరువుగా ఉండి బీరువా నిలకడకు పనికొస్తుంది. అయితే బాగా ఎండనిది వాడితే ఈ పొడి గాలికి మెలి తిరిగి తలుపు పట్టదు. ప్లైవుడ్ అయితే ఐఎస్ 303 ముద్ర, వంటింటి గోడకు ఆనే చోట నీటికి తట్టుకునే రకం. పార్టికల్ బోర్డుతో చేసిన చవక యూనిట్లలో గోడ క్లాంపు స్క్రూ రెండుసార్లు విప్పి బిగిస్తే పొడి రాలి వదులవుతుంది. బిడ్డ భద్రత ఆ స్క్రూ మీదే ఆధారపడితే అది కొనకపోవడమే మంచిది. అంచులకు గుండ్రటి బీడింగ్ అడగాలి. సన్‌మైకా అంచు లేచి వేలికి గుచ్చుకోవడం ఎప్పుడూ ఉండే ఫిర్యాదు.

అద్దె ఇళ్ళు

ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక పెనుకొండ, సోమందేపల్లి, హిందూపురంలో బయటి ఊళ్ళ నుంచి వచ్చి అద్దెకుండే చిన్న కుటుంబాలు పెరిగాయి. గోడకు రంధ్రం వేస్తే ఇంటి యజమాని ఊరుకోడు. అలాంటివాళ్ళకు అడుగున్నర ఎత్తు, నాలుగైదడుగుల పొడవు, కనీసం అడుగున్నర లోతు ఉన్న బల్లలాంటి బీరువా సరి. చక్రాలు వద్దు. అడుగు అరలో యాంప్లిఫయర్, దాని పక్కన ఇన్వర్టర్ బ్యాటరీ కాక పుస్తకాలో రికార్డులో, మొత్తానికి బరువంతా కిందే. టీవీ దాని మీద కాకుండా గోడకు. ఆ ఒక్క బిగింపుకైనా యజమానిని ఒప్పించుకోవాలి. చాలా ఇళ్ళలో పాత టీవీ స్టాండు రంధ్రాలు గోడకు ముందే ఉంటాయి, వాటినే వాడుకోవచ్చు. ఒప్పుకోకపోతే టీవీ అడుగును పట్టీలతో బీరువా వెనక పలకకు కట్టాలి, ఆ పలక మందంగా ఉండాలి.

చేయించిన తర్వాత పని అయిపోదు. క్లాంపు స్క్రూలు బాస్ అదురుకు మెల్లగా వదులవుతాయి, మూడు నెలలకొకసారి తిప్పి చూడాలి. బిడ్డ మూడో ఏట అయస్కాంతపు గుబ్బ దాచే చోటు మార్చాలి, అప్పటికి చూసి నేర్చుకుని ఉంటుంది. దుమ్ము వల మాత్రం పక్షానికొకసారి కడగాలి. ఆషాఢపు గాలులప్పుడు దాన్ని విప్పి బక్కెట్టులో జాడిస్తే, రెండో ముంచుకే నీళ్ళు ఎర్రమట్టి రంగుకు తిరుగుతాయి.